రేపూ ఎల్లుండీ నీళ్లు రావు

జగ్గయ్యపేటలో మైకు నాసర్‌ని ఎరగనివాళ్లెవరైనా ఉంటే వాళ్లింకా పుట్టనివాళ్లే అయుండాలి. పుట్టినవాళ్లకు మాత్రం తప్పదు. మధ్యాహ్నంపూట అతికష్టమ్మీద నిద్రపుచ్చిన పసివాళ్లను లేపి, తల్లులచేత తిట్లు తినేది అతనే. ఆటో నెత్తిన రెండు హారన్లు, ఒకటి ముందుకు చూస్తూ, ఒకటి వెనక్కి చూస్తూ. లోపల బ్యాటరీ, యాంప్లిఫయరు, వైర్ల చిక్కుముడి, దాని పక్కన మంచినీళ్ల సీసా. చీరల దుకాణంలో తగ్గింపు ధరలు, పోలియో చుక్కలు, ఇంటిపన్ను గడువు, తప్పిపోయిన మేక, ఏదైనా సరే ఊరికి తెలియాలంటే నాసర్ నోటిగుండానే తెలియాలి.

మీసాలు రాకముందు సినిమా రిక్షాలో కూర్చుని, రేకు గొట్టం నోటికి పెట్టుకుని మొదలెట్టాడు ఈ పని. ఇప్పుడు మనవరాలు కూడా పుట్టింది. ఇన్నేళ్లలో అతను కూడబెట్టిన ఆస్తి ఏమిటంటే రెండు గదుల ఇల్లు, ఒక ఆటో, "నాసర్ చెప్పాడంటే నిజమే" అనే మాట. మూడింటిలోనూ అతను రోజూ తుడిచి దాచుకునేది మూడోదాన్నే.

దానికోసం కొన్ని ఇబ్బందులు కూడా పడ్డాడు. ఒకసారి బట్టల దుకాణం యజమాని "ఆఖరి మూడు రోజులు" అని చెప్పమన్నాడు.

"నిజంగా ఆఖరేనా అండీ?"

"ఆఖరేనయ్యా, నీకెందుకు?"

"పోయిన నెల కూడా ఆఖరే అన్నారు. నేనే చెప్పా."

ఆ యజమాని తలపట్టుకుని, "సర్లే, త్వరపడండి అని చెప్పు, అందులో అబద్ధం లేదుగా?" అన్నాడు. నాసర్ కాసేపు ఆలోచించి, త్వరపడటంలో అబద్ధమేమీ లేదని ఒప్పుకున్నాడు. మేక తప్పిపోయిందంటే దాన్ని కట్టేసిన గుంజదాకా వెళ్లి చూసొచ్చేవాడు. ప్లాస్టిక్ కవర్లు వాడొద్దని మున్సిపాలిటీవాళ్ల తరఫున చాటిన రోజునుంచి మటన్ కొట్టుకు స్టీలు క్యారియరు పట్టుకెళ్లడం మొదలుపెట్టాడు. "ఏంది భాయ్, అన్నం కూడా పెట్టమంటావా ఇందులో?" అని కొట్టతను ఎగతాళి చేస్తే, "చెప్పినోణ్ణి నేనే కవరుతో కనిపిస్తే బాగోదు" అన్నాడు.

టీ కొట్టు దగ్గర కూర్చున్నప్పుడు అతనికి చాలా అభిప్రాయాలుండేవి. ఎండలు ముదిరిపోతున్నాయనీ, ముక్త్యాల రోడ్డుమీద ఒక్క రౌండు తిరిగొస్తే హారన్ నోట్లో దుమ్ము గుడ్డతో తీయాల్సి వస్తోందనీ అనేవాడు. బ్యాటరీ ఆటో కొనాలని మహా కోరిక. పర్యావరణం సంగతి సరే, ఇంజను చప్పుడు లేకపోతే తన గొంతు ఇంకో వీధిదాకా వెళ్తుందని. ఇక టీవీ వార్తల గురించి ఎవరైనా అడిగితే చాలు, గ్లాసు కింద పెట్టేసేవాడు.

"వాళ్లూ అరుస్తారు, నేనూ అరుస్తా. తేడా ఏందంటే, నేను అరిచిన వీధిలోనే సాయంత్రం నేను టీ తాగాల. వాళ్లకా భయం లేదు."

తప్పు చెబితే నిలదీసే మొహాలు ఎదురుగా ఉండాలని అతని సిద్ధాంతం. మైకు పట్టుకుని తిరిగే రోజుల్లో ఆ మొహాల్ని చూస్తూనే మాట్లాడేవాడు. ఆసుపత్రి దగ్గర గొంతు తగ్గించేవాడు, షామియానా వేసిన ఇంటిముందు అది పెళ్లో చావో చూసి మరీ నోరు విప్పేవాడు. ఒక్క తన వీధిలో మాత్రం మైకు వేసేవాడు కాదు. సాయంత్రం ఆటో పెట్టేటప్పుడు గుమ్మాల్లో కూర్చున్నవాళ్లకు నోటితోనే చెప్పేసేవాడు. సొంత మనుషుల మీద హారన్ పెట్టి అరవడమేమిటని అతని మర్యాద.

పోయిన సంవత్సరం గొంతు బొంగురుపోయింది. విజయవాడ తీసుకెళ్లి చూపిస్తే, ఇక అరవడం తగ్గించమన్నారు డాక్టరుగారు. అప్పుడు కొడుకు వాసిం రంగంలోకి దిగాడు. అతనిది బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు కొట్టు.

"ఒక్కసారి చెప్పు నాన్నా, రికార్డు చేస్తా. రోజంతా అదే మోగుద్ది. నువ్వు ఆటో తోలుకో, అంతే."

"అది మోగుద్ది గానీ, ఎవరిముందు మోగుతుందో దానికి తెలవదుగా?"

"అది తెలియడానికి నువ్వున్నావుగా, వాల్యూము తగ్గించు."

అట్లా నాసర్ గొంతు పెన్‌డ్రైవులోకి వెళ్లింది. మొదటి వారం అతనికి చచ్చేంత సిగ్గేసింది. తన గొంతు తనకే నెత్తిమీదనుంచి వినబడుతుంటే, ఎవరో పెద్దాయన వెనకసీట్లో కూర్చుని ఆపకుండా మాట్లాడుతున్నట్టుండేది. భరించలేక చెవిలో దూది పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. జరిగినదానికంతటికీ ఆ దూదే కారణమని తర్వాత రహీమాబీ తేల్చింది. భార్య గనక ఆ మాత్రం తేల్చే హక్కు ఉంది.

వాళ్ల అమ్మాయి నిషాత్ పురిటికి పుట్టింటికొచ్చింది. పండంటి ఆడపిల్ల. నలభయ్యో రోజు బాలింతకు స్నానం చేయిస్తారు, చిల్లా అంటారు వాళ్లిళ్లలో. ఆ రోజు నందిగామ నుంచి అత్తగారు ఆసిఫా వచ్చి, కోడలి తలమీద మొదటి చెంబు నీళ్లు తన చేత్తో పోసి, తల్లినీ బిడ్డనూ తమ ఇంటికి తీసుకెళ్లాలి. రెండు కుటుంబాల్లోనూ ఇదే ఆనవాయితీ. ఎన్నో ఏళ్లకు పుట్టిన మొదటి మనవరాలు కాబట్టి నాసర్ బంధువులందర్నీ పిలిచాడు, బిర్యానీ పురమాయించాడు.

ఆ స్నానానికి ముందురోజు పొద్దున, చీరల తగ్గింపు ప్రకటన పెన్‌డ్రైవు పెట్టుకుని బయల్దేరాడు. ఒక చెవిలో దూది. రెండో చెవిలో ఫోను, ఫోనులో ఆసిఫా.

ఆసిఫా మంచి మనిషి, మాటలమనిషి. పేపర్లో రాసేది ఎవరో జీతగాళ్లు రాస్తారు, టీవీలో చెప్పేది ఎవరో చెప్పమంటే చెబుతారు, ఫోనులో వచ్చేది మాత్రం మనవాళ్లు పంపిస్తారు గనక నిజమే అయుంటుందని ఆవిడ నమ్మకం. "మనవాళ్లు మనకెందుకు అబద్ధం పంపుతారు అన్నయ్యా?" అనేది. నిమ్మతొక్కలు నానబెట్టిన నీళ్లతో షుగరు పోతుందని ఎవరో పంపిస్తే, నెలరోజులు తాగి, షుగరు పోకపోయినా నమ్మకం పోగొట్టుకోలేదు. అటువంటి ఆవిడ ఆరోజు ఎంతమంది వస్తున్నారు, ఎవరు మటన్ తినరు, ఎవరికి నెయ్యి పడదు అని వివరంగా చెబుతుంటే, నాసర్ ఊ కొడుతూ వీధి తర్వాత వీధి తిరిగాడు.

నెత్తిమీద హారన్లో చీరల ప్రకటన అయిపోయింది. అది అయిపోయాక పెన్‌డ్రైవు దాని తర్వాత ఉన్నది అందుకుంది. తర్వాత ఉన్నది పోయినేడు ఎండాకాలంలో పైపులైను పగిలినప్పుడు చెప్పిన మాట. వాసిం దాన్ని తీసేయడం మర్చిపోయాడు.

"పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక. పైపులైను మరమ్మతుల కారణంగా రేపూ ఎల్లుండీ మంచినీళ్లు రావు. కావున ముందుగానే పట్టి ఉంచుకోగలరని మనవి."

ఆడవాళ్లు గుమ్మాల్లోకొచ్చి చేతులూపారు. చీరలమీద ఇంత ఇష్టమా అని నాసర్ మురిసిపోయి తనూ చెయ్యి ఊపాడు. ఒకావిడ ఖాళీ బిందె పైకెత్తి ఏదో అడిగింది. అర్థంకాలేదు గానీ, వియ్యపురాలి మాటకు అడ్డం రావడమెందుకని తల ఊపేశాడు. ఆ తల ఊపడంతో ఆ వీధికి అనుమానం తీరిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి రహీమాబీ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏమండీ, విన్నారా? రేపటినుంచి నీళ్లు రావంట. మీరే చెప్పారంట. పక్కింటి దేవమణక్క బజారులో విని పరిగెత్తుకొచ్చింది."

"నేనెక్కడ చెప్పా?"

"నేనూ అదే అన్నా. ఊరికి చెప్పేవాడు ఇంట్లో చెప్పడా, ఎవరో ఫోనులో పుట్టించుంటారు పో అక్కా, అని పంపించా. ఆవిడ కూడా పట్టుకోలేదు పాపం, నా మాట విని."

నాసర్ మంచమ్మీద కూర్చుని ఓ పావుగంట ఉపన్యాసమిచ్చాడు. ఎవడో ఏదో పుట్టిస్తాడు, ఇంకెవడో పంపిస్తాడు, మన జనం ముందూ వెనకా చూసుకోకుండా నమ్మేస్తారు, ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని ఒక్కడూ అడగడు. బాగా చెప్పాడు. గదిలో పిల్లకు పాలిస్తున్న నిషాత్ కూడా "నిజమే నాన్నా" అంది.

తెల్లవారింది. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. రహీమాబీ ఇంకోసారి తిప్పింది. ఈసారి గాలి కూడా రాలేదు. అప్పుడు ఫోను మోగింది. నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే కొండలరావు.

"నాసర్ భాయ్, ఏం పగ నీకు నామీద?"

"ఏమైంది కొండలన్నా?"

"నీళ్లు రావని చాటావంట. నిన్న సాయంత్రం వదిలితే మోటార్లు పెట్టి లాగేశారు. తెల్లారి మళ్లీ వదిలితే, పాపం ఆపేముందు ఆఖరుసారి వదిలారని ఇంకా లాగేశారు. గిన్నెలు, బకెట్లు, ఆఖరికి కుక్కర్లు కూడా నింపారంటయ్యా! ట్యాంకు నాకేశారు. చివరి వీధులకు చుక్క ఎక్కలా. మళ్లీ నిండి నేను వదిలేసరికి సాయంత్రమే."

చివరి వీధి అంటే నాసర్ వాళ్లదే. ఊళ్లో నీళ్లు పట్టుకోని వీధి కూడా అదొక్కటే.

"నేను చెప్పలేదన్నా" అని ఇంకా అంటూనే ఉన్నాడు నాసర్. ఆలోపు రహీమాబీ ఫోనుకు ఆసిఫా పంపినది వచ్చి పడింది. నిన్న ఎవరో వీధిలో నిలబడి రికార్డు చేసి పంపితే, అది ఊళ్లు తిరిగి నందిగామ చేరి, అక్కణ్ణుంచి ఆవిడ చేతిమీదుగా తిరిగి జగ్గయ్యపేట వచ్చింది. కింద ఆవిడ మాట కూడా ఉంది: "వదినా, నీళ్లు లేవంటగా? స్వయంగా అన్నయ్యగారే చెబుతున్నారు."

రహీమాబీ దాన్ని వినిపించింది. హారన్ గొంతు గంభీరంగా, "రేపూ ఎల్లుండీ మంచినీళ్లు రావు" అంటోంది. దానికింద, ఆటో నడుపుతున్న గొంతు తీరిగ్గా, "నెయ్యి వేరేగా పెట్టిస్తాలే చెల్లెమ్మా" అంటోంది. రెండూ నాసర్ గొంతులే.

వాసిం తలదించుకుని, "పాతది తీసేయడం మర్చిపోయా నాన్నా" అన్నాడు.

"నోరు నాదేగా" అన్నాడు నాసర్. దూది ఇంకా చెవిలోనే ఉంది. తీసి చేతిలో పెట్టుకున్నాడు.

ఇక ఇంట్లో చూస్తే డ్రమ్ములో అడుగున కాసిని నీళ్లున్నాయి. అవి బిర్యానీకి కూడా చాలవు. బాలింత ఒళ్లంతా నూనె రాసుకుని కూర్చుని ఉంది. మధ్యాహ్నానికి వియ్యాలవారొస్తారు. వీధి మొదట్లో చేతిపంపు వేసవి మొదట్లోనే ఎండిపోయింది. ఒకప్పుడు రోహిణికార్తెలో కూడా నీళ్లిచ్చిన పంపు అది. నాసర్ ట్యాంకరువాళ్లకు ఫోను చేశాడు. "నీ దయవల్ల రెండ్రోజులదాకా ఖాళీ లేదు భాయ్" అన్నారు. నీళ్ల డబ్బాల కొట్టుకు పరిగెత్తాడు. అక్కడా అదే మాట, అదే దయ.

చేసేదేమీ లేక రెండు బిందెలు పట్టుకుని పక్క వీధికి వెళ్లాడు. అక్కడ మొదటి ఇల్లు పున్నమ్మది. పూలు కట్టి అమ్మే ముసలావిడ, నాసర్‌ని రేకు గొట్టం నాటినుంచీ ఎరుగును. వాకిట్లో పెద్ద రాగి గంగాళం అంచులదాకా నింపి, పైన తడిగుడ్డ కప్పుకుని, దానికి కాపలా కాస్తున్నట్టు పక్కనే కూర్చుని మల్లెలు కడుతోంది.

"పిన్నీ, రెండు బిందెలు నీళ్లిస్తావా? సాయంత్రం తిరిగి పోస్తా."

"సాయంత్రం ఎక్కడినుంచి పోస్తావురా? రేపూ ఎల్లుండీ రావన్నావుగా?"

"అది తప్పు పిన్నీ. పాత ప్రకటన పొరపాట్న మోగింది. సాయంత్రం నీళ్లొస్తాయి."

పున్నమ్మ దారం పళ్లతో తెంపి అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "నీళ్లు కావాల్సొచ్చి ఇట్టా చెబుతున్నావా?"

"ఒట్టు పిన్నీ!"

"నిన్న మైకులో చెప్పావు. ఇయ్యాల చెవిలో చెబుతున్నావు. ఏది నమ్మమంటావు?"

ఆ మాట నాసర్‌కి ఎక్కడో తగిలింది. ఇన్నేళ్లూ మైకు మాటకు విలువిచ్చింది తన నోరే అనుకున్నాడు. తీరా చూస్తే, మైకు లేని నోటికి రెండు బిందెల విలువ కూడా లేదు. పక్కింట్లో అడగాలన్నా కాళ్లు రాలేదు. ఖాళీ బిందెలతో తిరిగొచ్చి, ఆటో మీది టార్పాలిన్ లాగేసి, మూలన పడేసిన పాత మైకు తుడవడం మొదలెట్టాడు.

రహీమాబీకి వెంటనే అర్థమైంది. "ఇప్పుడా? వియ్యాలవారొచ్చే రోజున ఊరంతా తిరిగి తప్పు చేశానని చెప్పుకుంటారా? ఆవిడ ముందు మన పిల్ల మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"చెప్పకపోతే నేనెక్కడ పెట్టుకోవాల రహీమా?"

"నువ్వు ఇంట్లో ఉండు నాన్నా, రెండు ముక్కలు రికార్డు చేసివ్వు, నేను తిప్పుకొస్తా" అన్నాడు వాసిం.

"వద్దు. ఈసారి మొహాలు చూసి చెప్పాల."

చెప్పడమైతే అన్నాడు గానీ, మొదటి వీధిలో మైకు నోటిదగ్గర పెట్టుకున్నాక మాట రాలేదు. ఇంతకాలం ఎవరి మాటలో చెప్పాడు. సొంత మాట ఎలా మొదలెట్టాలో తెలియక, అలవాటైన మాటతోనే మొదలుపెట్టాడు.

"పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక. నిన్న ఈ ఆటోలోంచి నీళ్లు రావని మీరు విన్న మాట తప్పు. అది పోయినేటి మాట. పైపులు బాగానే ఉన్నాయి. నీళ్లు సాయంత్రం వస్తాయి, రోజూ వస్తాయి. పెన్‌డ్రైవుది కాదు తప్పు. ఏం మోగుతుందో చూసుకోకుండా తిరిగినవాడు నాసర్. నాసర్ అంటే నేనే."

గుమ్మాల్లోకి జనం వచ్చారు. అతను అందరి మొహాలూ చూస్తూ పోయాడు. వాళ్ల మొహాల్లో కోపం కనబడితే బాగుండేది. కనబడింది అనుమానం.

"ఎవరో బెదిరించి చెప్పిస్తున్నట్టుంది పాపం."

"అవును, నిన్నటి గొంతు ఎంత ధీమాగా ఉంది! ఇయ్యాల వణుకుతోంది చూడు."

"ఏమైనా కానీ, కుక్కర్లో నీళ్లు మాత్రం పారబోయొద్దు."

ఇంతమంది నమ్మిన మనిషిని ఒక్కరూ నమ్మడం లేదు. బస్టాండు వైపు తిరిగే మలుపులో బొంగురు గొంతు పూర్తిగా కీచుమంది. ఆటో ఆపాడు. మైకు ఆపడం మాత్రం మర్చిపోయాడు. అందువల్ల, తనలో తను అనుకున్నాననుకున్నది హారన్లు రెండూ ముందుకీ వెనక్కీ మోసుకుపోయాయి.

"నమ్మకపోతే మానేశారు. ఇంటిదగ్గర నా బిడ్డకు చిల్లా స్నానం. పచ్చి బాలింత ఒళ్లంతా నూనెతో కూర్చోనుంది. ఊరి నీళ్లన్నీ నేనే పట్టించి, నా పిల్లకు చెంబెడు నీళ్లు లేకుండా చేసుకున్నా. ఏం తండ్రినిరా నేను!"

వెనకనుంచి కారు హారన్ మోగింది. అద్దంలో చూస్తే అల్లుడు ఐజాజ్ కారు. ముందుసీట్లో ఆసిఫా. ఒళ్లో స్వీటు డబ్బా. నాసర్‌కి భూమి చీలితే బాగుండుననిపించింది. జగ్గయ్యపేట రోడ్లు ఎక్కడ పడితే అక్కడ చీలే ఉంటాయి గానీ మనిషి పట్టేంత కాదు.

ఆవిడ దిగి, చీర సర్దుకుంటూ ఆటో దగ్గరికొచ్చింది. "ముందా మైకు ఆపండి అన్నయ్యా, నా మాటలు కూడా ఊరంతా వినాలా?"

ఆపాడు.

"ఎప్పట్నుంచి ఉన్నారు చెల్లెమ్మా వెనక?"

"రెండు వీధులనుంచి. హారన్ కొడతానంటే నేనే వద్దన్నా ఐజాజ్‌ని." పెద్దగా మాట్లాడే మనిషి, గొంతు తగ్గించింది. "నేనది ఎంతమందికి పంపానో తెలుసా మీకు? నందిగామలో మావాళ్లందరికీ. చందర్లపాడులో మా అక్కవాళ్లకి. మా అక్క పొలంకాడ తొట్టి కూడా నింపించిందంట, వాళ్ల ఊరికీ మీ ఊరికీ ఒకటే ట్యాంకు అనుకుని. మా అన్నయ్యగారి గొంతు, నమ్మండి, అని కింద రాశా కూడా."

"నా హారన్ మాట నేనే వినలేదు, మీరేం చేస్తారు."

"పక్కనే ఫోనులో ఉన్నాగా! నీళ్లు నిజంగా రావా అన్నయ్యా, అని ఒక్క మాట అడిగితే పోయేది. నెయ్యి గురించి అడిగా." ఆవిడ ఫోను తీసి అతని మొహం ముందు పట్టుకుంది. "ఇందాక చెప్పింది మళ్లీ చెప్పండి. వాళ్లందరికీ ఇది కూడా పంపుతా."

నాసర్ మళ్లీ చెప్పాడు. ఆవిడ పంపింది. ఇద్దరూ ఫోనువైపు చూస్తూ నిలబడ్డారు.

"నిన్నటిదానికి దండాలూ పువ్వులూ పెట్టారందరూ" అంది ఆసిఫా. "ఇది చూసి ఒక్కరూ నోరెత్తలేదు."

కారు డిక్కీలో రెండు నీళ్ల డబ్బాలున్నాయి, నీళ్లు రావన్న మాట నమ్మి నందిగామనుంచి తెచ్చినవి. ఒకటి వంటకు పోయినా, ఇంకోటి స్నానానికి ఏ మూలకొస్తుందని లెక్కలేసుకుంటూ ఇంటికొచ్చేసరికి, వీధి మొదట్లో ఏదో కదులుతూ కనబడింది. పున్నమ్మ. గంగాళాన్ని పూలబండి మీద ఎక్కించి, పొర్లిపోకుండా ఒక చేత్తో అంచు పట్టుకుని, ఇంకో చేత్తో బండి తోస్తోంది.

నాసర్ ఆటోలోంచి దూకి బండి పట్టుకున్నాడు. "పిన్నీ..."

"నమ్మాననుకునేవు" అంది పున్నమ్మ ఆయాసపడుతూ. "నువ్వు చెప్పింది నిజమో అబద్ధమో నాకనవసరం. ముందే పిల్ల స్నానానికని ఏడవక, తిరిగి పోస్తా, ఒట్టు, అంటూ ఏదేదో చెప్పావు. నడువు, నీళ్లు తొణికిపోతున్నాయి."

ఆవిడ వెనకే ఇంకొందరు. హారన్లో అతను అనుకోకుండా అన్న ఆఖరి ముక్క నోటినోటా అన్ని వీధులకూ పాకింది, దాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. స్టీలు బిందె ఒకావిడ, ప్లాస్టిక్ బిందె ఇంకొకావిడ, ఒకాయన బైకు ట్యాంకు మీద బకెట్టు పెట్టుకుని సగం పాంటుమీదే ఒలకబోసుకుంటూ. మూతకు తాడుకట్టి కుక్కరు తెచ్చినావిడ కూడా ఉంది. "రేపూ ఎల్లుండికి మేమెట్టాగో సర్దుకుంటాంలే" అంటూ పెట్టి వెళ్లారు. అంటే ఇప్పటికీ నీళ్లు రావనే నమ్ముతున్నారు. రావని నమ్మే తెచ్చారు.

రహీమాబీ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతిలోంచీ అందుకుంటోంది. వియ్యపురాలి ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలన్న సంగతి ఆవిడకు గుర్తులేదు. ఆసిఫా అప్పటికే కొంగు దోపుకుని గంగాళం రెండో చెవి పట్టుకుంది.

పెరట్లో పీటమీద కూర్చున్న నిషాత్ తలమీద ఆసిఫా మొదటి చెంబు పోసింది. రెండో చెంబు పున్నమ్మ చేతికిచ్చింది. ఆనవాయితీలో లేదది. పున్నమ్మ వెనక్కి తగ్గబోతే, "నీళ్లు మీవే కదమ్మా, పోయండి" అంది. తడిక అవతల నిలబడి మనవరాలిని ఎత్తుకున్న నాసర్‌కి కూతురి గొంతు వినబడింది, సగం నవ్వు, సగం నీళ్లు మింగుతూ.

"నాన్నా! నా స్నానానికి ఊరంతా చాటింపేశావంటగా!"

అతను సమాధానం చెప్పబోయాడు గానీ గొంతు పూర్తిగా పోయింది. పిల్ల అతని మీసం పట్టుకుని లాగింది.

పొద్దు వాలకముందే నిషాత్‌నీ బిడ్డనూ తీసుకుని నందిగామవాళ్లు వెళ్లిపోయారు. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. కాసేపటికి కుళాయి దగ్గి, తుమ్మి, ఎర్రగా కొంచెం, తెల్లగా చాలా నీళ్లు వదిలింది. రహీమాబీ అన్ని పాత్రలూ తోమి, మళ్లీ నింపింది. పాత్రను ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. స్టీలువాటి మీద పేర్లున్నాయి గనక ఎవరివి వాళ్లకు తెలిసింది. ప్లాస్టిక్‌వి రంగునుబట్టి ఊహించారు. నాసర్ అన్నిటినీ ఆటోలో పేర్చుకుని, హారన్లు ఆపేసి, వీధి వీధికీ వెళ్లి దింపాడు. ఆ వీధుల్లోనూ నీళ్లొచ్చేశాయి. కొందరు నవ్వారు, ఒకరిద్దరు తిట్టారు. నిన్న పట్టిన నీళ్లు పాతవని కాలవలో పారబోస్తున్న ఒకాయన్ని, కనీసం మొక్కలకైనా పోయండని గుసగుసగా బతిమాలాడు. ఆయన అతన్ని ఎగాదిగా చూశాడు గానీ, బకెట్టు మాత్రం మందారచెట్టు వైపు తిప్పాడు.

ఆఖరున పున్నమ్మ ఇల్లు. ఇద్దరూ కలిసి గంగాళం వాకిట్లో దించారు. ఆవిడ తడిగుడ్డ కప్పబోయి ఆగింది.

"నాసరూ, రేపొస్తాయా నీళ్లు?"

ఎప్పటిలా అయితే, వస్తాయనేసేవాడు. వస్తాయని పొద్దున తనే ఊరంతా అరిచాడు కూడా. అయినా జేబులోంచి ఫోను తీసి, పోయిన గొంతుతో గుసగుసగా కొండలరావుని అడిగాడు. అటునుంచి ఏదో తిట్టు, ఏదో జవాబు. పున్నమ్మ అతని మొహంవైపే చూస్తోంది.

"వస్తాయంట పిన్నీ. ట్యాంకు నిండుతోందంట."

పున్నమ్మ చేతిలోని తడిగుడ్డ దండెమ్మీద ఆరేసింది. కనకాంబరం మొక్కల వైపు గంగాళాన్ని ఒరిగించి, నీళ్లన్నీ నెమ్మదిగా పారనిచ్చి, గోడవారగా బోర్లించి లోపలికెళ్లిపోయింది.